బాబు తిండి సంగతి చెప్తాను గానీ, ముందు మీ అమ్మకి ఫొటోలు పంపడం ఆపు

రాజాం దగ్గర్నుంచి ఒక అమ్మాయి రాసింది. పేరు వద్దంది కాబట్టి రాయట్లేదు. తను ప్రైవేట్ స్కూల్లో టీచర్, భర్త పైడిభీమవరంలో ఫార్మా కంపెనీలో షిఫ్టులు చేస్తాడు, ఏడు నెలల బాబు. పొద్దున్న ఎనిమిదిన్నరకి వెళ్తే సాయంత్రం అయిదుకి ఇంటికొస్తుంది, అంతసేపూ బాబుని చూసేది అత్తగారే. పుట్టిల్లు పలాస. అమ్మ చోడి (రాగి) జావ పెట్టమంటుంది, జీడిపప్పు బాదం పొడి కొట్టి పంపింది, రోజూ వీడియో కాల్ చేసి ఏం పెట్టారో చూపించమంటుంది. అత్తగారేమో పాలల్లో బిస్కెట్ నానబెట్టి పెడుతున్నారు. ఆదివారం అది చూసి ఈ అమ్మాయి ఫొటో తీసి అమ్మకి పంపింది, ఆవిడ ఆగకుండా వియ్యపురాలికే ఫోన్ చేసి "మా మనవడికి అలాంటివి పెట్టకండి వదినగారూ" అనేసింది. ఇంక అప్పట్నుంచి అత్తగారు బాబు గిన్నె ముట్టుకోవట్లేదు, "మీ యమ్మనే వచ్చి పెంచుకోమను, నాకేటి తెల్దు కదా" అన్నారట. అమ్మాయి స్కూలుకి సెలవు పెట్టి ఇంట్లో కూర్చుంది. అంగన్‌వాడీలో తూకం వేస్తే పోయిన నెల 6.9 కేజీలు, ఈ నెల 7. నన్ను అడిగిందేంటంటే, "వారానికి సరిపడా ఏ పూట ఏం పెట్టాలో చార్ట్ రాసివ్వండి మేడమ్, ప్రింట్ తీసి ఫ్రిజ్ మీద అతికిస్తాను, అప్పుడు అత్తయ్య ఇంకేం అనలేరు" అని.

చార్ట్ ఇవ్వను తల్లీ. పిల్లాడికి ఏం పెట్టాలో కింద అంతా చెప్తాను, కానీ ఫ్రిజ్ మీద అతికించి అత్తగారి నోరు మూయించడానికైతే నేను ఒక్క లైను కూడా రాయను.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అమ్మ ఇలా అంది, అత్తయ్య అలా అన్నారు, మా ఆయన మీరూ మీరూ చూసుకోండి అన్నాడు, అంతే ఉంది. పిల్లాడిని కన్నదానివి నువ్వు, నువ్వేం అనుకుంటున్నావో ఎక్కడా లేదు. అందరూ ఇది అత్తాకోడళ్ల గొడవ అనుకుంటారు, నువ్వూ అలాగే అనుకుంటున్నావు, నాకు మాత్రం ఇది నీకూ మీ అమ్మకీ మధ్య తేలాల్సిన విషయంలాగే కనిపిస్తోంది. పెళ్లయ్యి, ఉద్యోగం చేస్తూ, ఒక బిడ్డకి తల్లివయ్యాక కూడా బాబు ఎన్ని చెంచాలు తిన్నాడో పలాసకి రిపోర్ట్ ఇస్తున్నావు. మీ అమ్మ చెడ్డది అని నేను అనట్లేదు, దూరంగా ఉన్న అమ్మమ్మకి మనవడి మీద బెంగ ఉంటుంది, ఆ బెంగతోనే అడుగుతుంది. కానీ ఆవిడ అడిగినవన్నీ చెప్పాలని ఎవరన్నారు? ఆవిడకి ఆ ఫొటో నువ్వు పంపకపోతే ఆ ఫోన్ కాలే లేదు కదా.

ఇప్పుడు ఆ ఫొటో సంగతి అత్తగారి వైపు నుంచి ఆలోచించు. ఏడు కేజీల గుంటడిని రోజంతా చంకనేసుకుని తిప్పుతుంది, వాడి ఉచ్చగుడ్డలు ఉతుకుతుంది, మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చడానికి కూడా ఉండదు, ఇదంతా నువ్వు స్కూలుకెళ్లి నీ జీతం నువ్వు తెచ్చుకోవడానికే. అలాంటి మనిషిని వెనకనుంచి ఫొటో తీసి, ఆ ఫొటో వియ్యాలవారికి పంపావు. ఆవిడ పెట్టింది తప్పే కావచ్చు, ఆవిడకి జరిగిన అవమానం మాత్రం బిస్కెట్ కంటే పెద్దది. ఆ వయసు ఆడమనిషికి ఇంట్లో మిగిలే మర్యాద ఏంటంటే పిల్లల్ని పెంచడం నాకు తెలుసు అన్న నమ్మకమే, దాన్ని వియ్యపురాలు ఫోన్‌లో తీసేస్తే గిన్నె ముట్టుకోదు మరి. నేనైనా ముట్టుకోను.

సరే, తిండి. ఇందులో మీ అమ్మా పూర్తిగా రైటు కాదు, అత్తగారూ పూర్తిగా తప్పు కాదు.

ఆరు నెలల దాకా తల్లిపాలు ఒక్కటే చాలు, ఆ తర్వాత పాలు ఇస్తూనే తిండి మొదలుపెట్టాలి, పాలు రెండేళ్ల దాకా, ఇంకా పైన కూడా ఇవ్వొచ్చు. ఆరు నెలలకే ఎందుకంటే కడుపులో ఉన్నప్పుడు బిడ్డ దాచుకున్న ఐరన్ అప్పటికి తరిగిపోతుంది, తల్లిపాలల్లో ఐరన్ తక్కువ, ఇంక తిండి నుంచే రావాలి. బిస్కెట్ పాలు వద్దనేది అందుకే. బిస్కెట్‌లో ఉన్నది మైదా, పంచదార, నూనె. ఆవుపాలు గేదెపాలల్లో ఐరన్ లేనట్టే, పైగా తిండిలో ఉన్న ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వవు, ఏడాది లోపు తాగే పాలుగా ఇవ్వకూడదు. కడుపు నిండుతుంది, పిల్లాడు ఏడుపు ఆపుతాడు, అత్తగారికి అదే కనిపించింది. నువ్వు తీసి పెట్టిన జావ వాడు నాలికతో బయటికి తోసేసి ఆకలికి ఏడుస్తుంటే ఆవిడ చేతికి దొరికింది పెట్టింది, అంతకుమించి ఏమీ లేదు. అలా తోసేయడం ఈ వయసు పిల్లలకి మామూలే, చెంచా నుంచి మింగడం వాళ్లకి కొత్త కదా. ఒకే వస్తువు ఎనిమిది పదిసార్లు రుచి చూశాక గానీ కొందరు ఒప్పుకోరు, రెండోసారికే వీడికి నచ్చలేదు అని మానేయకండి.

మీ అమ్మ చెప్పిన చోడి జావ చాలా మంచిది. వంద గ్రాముల చోళ్లలో మూడొందల యాభై మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది, బియ్యంలో దానికి దగ్గర్లో కూడా లేదు. కానీ నువ్వు చేస్తున్నది నీళ్ల జావ, సీసాలో పోసేంత పల్చగా అని నువ్వే రాశావు, అందులో ఏముంటుంది చెప్పు? ఈ వయసులో పొట్ట చిన్నది, నీళ్లతో నిండితే బలం ఎక్కడ పడుతుంది. చెంచా వంచితే జావ జారిపోకూడదు, దానికి అంటుకుని ఉండాలి. అలా చిక్కగా చేస్తే గొంతు దిగదు అనుకుంటే చోళ్లు నానబెట్టి, మొలక కట్టి, ఎండబెట్టి, దోరగా వేయించి పిండి పట్టించండి. మొలకెత్తిన గింజలో ఉండే ఎంజైము పిండిపదార్థాన్ని విడగొట్టేస్తుంది, అందువల్ల పిండి ఎక్కువ వేసినా జావ గట్టిపడిపోకుండా మింగడానికి వీలుగా ఉంటుంది. మొలక వల్ల ఐరన్ కూడా బాగా పడుతుంది. మన పెద్దవాళ్లకి ఈ పని కొత్త కాదు, మీ అత్తగారిని అడిగి చూడు, నీకంటే నాకంటే బాగా చేస్తారు.

చోడి జావ ఒక పూట. మధ్యాహ్నం మెత్తగా ఉడికిన అన్నంలో పెసరపప్పో కందిపప్పో మెదిపి, తోటకూరో బచ్చలో మునగాకో అందులోనే ఉడికించి, ఒక చెంచా నెయ్యి వేసి పెట్టండి. పప్పు మీద తేట తీసి పెట్టే అలవాటు చాలా ఇళ్లలో ఉంది, బలమంతా అడుగున పప్పులో ఉంటే తేటలో ఏముంటుంది. మెదిపిన పప్పే పెట్టాలి. సాయంత్రం అరటిపండో, ఉడికించిన చిలగడదుంపో, గుమ్మడికాయో. గుడ్డు కూడా ఇప్పుడే మొదలుపెట్టొచ్చు, పూర్తిగా ఉడికించి, పచ్చసొన మెదిపి కొంచెం కొంచెంగా. మీరు తినేవాళ్లైతే చేప ముళ్లు తీసి పెట్టొచ్చు, కోడి లివర్ మెత్తగా చేసి పెడితే ఐరన్‌కి చాలా మంచిది. కొత్త వస్తువు ఒక్కోటి మొదలుపెట్టి రెండు మూడు రోజులు చూసి ఇంకోటి. ఏడు నెలలకి రోజుకి రెండు మూడు పూటలు, రెండు మూడు చెంచాలతో మొదలై పూటకి అరకప్పు దాకా, అంటే సుమారు ఒక టీ గ్లాసంత. తొమ్మిది నెలలు దాటాక మూడు నాలుగు పూటలు, మధ్యలో చేతికిచ్చి తినిపించేవి. ఉప్పు, పంచదార ఏడాది దాకా అవసరం లేదు, వాడికి తెలీని రుచి మనమే ఎందుకు నేర్పాలి.

అంగన్‌వాడీలో ఏడో నెల నుంచి బాలామృతం ఇస్తారు కదా, గోధుమ, శనగపప్పు, పాలపొడి, నూనె, పంచదార కలిపిన పిండి. తెచ్చి డబ్బాలో పెట్టి పిల్లల్లేని ఇంటికి ఇచ్చేస్తున్నవాళ్లని చూస్తుంటాను, అలా చేయకు. చిక్కగా కాచి ఒక పూట పెట్టు, అందులో పంచదార ఉంది కాబట్టి ఇంక వేయకు. ఆరు నెలలు నిండిన పిల్లలకి వారానికి రెండుసార్లు ఒక ఎంఎల్ చొప్పున ఐరన్ సిరప్ కూడా ప్రభుత్వం ఇస్తుంది, ఆశా కార్యకర్తని అడుగు.

మీ అమ్మ పంపిన జీడిపప్పు పొడి మెత్తగా ఉంటే అర చెంచా జావలో కలపొచ్చు, పలుకులుగా మాత్రం వద్దు, గింజలు గొంతులో అడ్డం పడతాయి, నాలుగైదేళ్లు వచ్చేదాకా పప్పులు పప్పుల్లాగా ఇవ్వకూడదు. ఇంకోటి, అన్నప్రాసన నాడు అమ్మ నాలిక మీద తేనె రాసింది, ఇప్పటికీ జావలో కలపమంటుంది అని రాశావు చూడు, అది వెంటనే ఆపాలి. తేనెలో ఒక బ్యాక్టీరియా బీజాలు ఉండొచ్చు, ఏడాదిలోపు పిల్లల పేగుల్లో అవి పెరిగి విషం తయారుచేస్తే ఒళ్లంతా చచ్చుబడినట్టు అయిపోతుంది, దాన్ని బొటులిజం అంటారు, తేనెని కాచినా ఆ బీజాలు చావవు. అరుదే, కానీ వస్తే ప్రాణం మీదకి వస్తుంది. మీ అత్తగారు పెట్టిన బిస్కెట్ కంటే మీ అమ్మ తేనె ప్రమాదం. ఆ ఫొటో తీసి ఎవరికైనా పంపావా? పంపలేదు కదా. ఇద్దరు పెద్దవాళ్ల తప్పుల్ని నువ్వు రెండు రకాలుగా చూస్తున్నావు, అత్తగారికి కష్టంగా ఉన్నది అక్కడే.

ఇప్పుడు ఏం చేయాలంటే, ముందు అత్తగారి దగ్గరికి వెళ్లి సూటిగా మాట్లాడు. "అత్తయ్యా, ఫొటో పంపడం నాది తప్పు, ఇంక ఇంట్లో విషయం బయటికి పోదు" అని. "మీరు కూడా బిస్కెట్లు పెట్టకూడదు కదా" అని దాని వెనకే తగిలించకు, ఆ మాట ఆ రోజు వద్దు. రెండు రోజులు పోనిచ్చి వాడి తూకం కార్డు తీసుకెళ్లి ఆవిడ చేతిలో పెట్టి, నెలలో వంద గ్రాములే పెరిగాడు అత్తయ్యా, ఏం చేద్దాం అని అడుగు. అడగడం అంటే నిజంగానే అడగాలి. చోళ్లు మొలక కట్టే పని ఆవిడ చేతికే ఇవ్వు. పాలల్లో ముంచిన బిస్కెట్ బదులు ఏం పెడితే వాడు తింటాడో పొద్దంతా వాడితో ఉండే ఆవిడకే బాగా తెలుస్తుంది. స్కూలుకెళ్లే ముందు నీ పాలు తీసి ఫ్రిజ్‌లో పెట్టు, నాలుగు రోజుల దాకా ఉంటాయి, చిన్న గిన్నె, చెంచాతో ఆవిడ పట్టొచ్చు, పాలసీసా వద్దు.

మీ అమ్మతో నువ్వే మాట్లాడాలి, మీ ఆయన కాదు. "బాబు తిండి సంగతి ఇక్కడ నేనూ అత్తయ్యా చూసుకుంటాం అమ్మా, నీకు చూడాలనిపిస్తే రా, వచ్చి నాలుగు రోజులుండు, కానీ అత్తయ్యకి మాత్రం ఫోన్ చేయొద్దు" అని చెప్పు. ఏడుస్తుంది, నేను పరాయిదాన్నయిపోయానా అంటుంది. అననీ. కూతురు గట్టిగా నిలబడితే తల్లులు కొన్నాళ్లకి సర్దుకుంటారు. వీడియో కాల్ సాయంత్రం నువ్వొచ్చాక చెయ్, బాబు ఆడుకునేటప్పుడు చెయ్, తినేటప్పుడు వద్దు. వాడు గిన్నెవైపు, పెట్టే మనిషివైపు చూసి తినాలి.

మీ ఆయన మీరూ మీరూ చూసుకోండి అన్నాడు కదా, వారాంతంలో ఒక పూట బాబుకి ఆయన్నే తినిపించమను. చెంచా చేతిలో పట్టుకుంటే తెలుస్తుంది.

ఇక తూకం. ఏడు కేజీలు అంటే కార్డులో ఇంకా ఆకుపచ్చలోనే, అంటే వయసుకి తగ్గ బరువులోనే ఉన్నాడు, కంగారు వద్దు, కానీ ఈ వయసులో నెలకి మూడొందలు నాలుగొందల గ్రాములైనా పెరగాలి, వీడు వందే పెరిగాడు, కాబట్టి తేలిగ్గా కూడా తీసుకోకు. చిక్కటి తిండి మొదలుపెట్టి రెండు వారాలకి మళ్లీ తూకం వేయించు. అప్పటికీ కదలకపోయినా, విరోచనాలు పట్టుకున్నా, ఉచ్చ తగ్గి నీరసంగా పడుకున్నా ఆగకుండా పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్లు. వెళ్లేటప్పుడు అత్తగారిని కూడా తీసుకెళ్లు, ఏ పూట ఎంత తిన్నాడు అని డాక్టర్ అడిగితే సమాధానం ఆవిడ దగ్గరే ఉంటుంది.