ఇంగ్లాండ్ గ్రీన్‌హౌస్‌లో లిచీ పూయాలంటే హీటర్ తగ్గించండి

"యూకేలో ఉంటాం, గ్రీన్‌హౌస్‌లో మూడేళ్ల లిచీ చెట్టు ఉంది, చలికాలమంతా 20 డిగ్రీలు ఉండేలా చూసుకుంటున్నా పూత రావడం లేదు, ఇంకా పెద్ద హీటర్ కొనాలా?" అని ఒకరు అడిగారు. వద్దండీ. ఉన్న హీటర్‌నే తగ్గించండి. మీ చెట్టు పూయకపోవడానికి కారణం ఆ వేడే.

నేనూ రెండు చలికాలాలు ఇదే పొరపాటు చేశాను. మేముండేది ఇంగ్లాండ్‌లో రెడింగ్ ఊరి దగ్గర. 2020 వసంతంలో మారిషస్ రకం గాలి అంటు (చెట్టు మీదుండగానే కొమ్మకి వేళ్లు పుట్టించి తీసిన మొక్క) ఒకటి తెప్పించి, పెరట్లో ఉన్న చిన్న గ్రీన్‌హౌస్‌లో కుండీలో పెట్టాను. వేడి దేశపు చెట్టు కదా అని రాత్రిళ్లు కూడా 18 డిగ్రీల కంటే తగ్గనివ్వలేదు. రాగి రంగు చిగుళ్లు విడతలు విడతలుగా వచ్చేవి, చూడ్డానికి ఎంతో బావుండేవి. పూత మాత్రం ఒక్క రెమ్మకీ లేదు.

2022 అక్టోబరులో కరెంటు రేట్లు పెరిగాయి. ఇంట్లోనే స్వెటర్లు వేసుకుని హీటింగ్ తగ్గించుకున్నాం, ఇక చెట్టుకెక్కడ ఇస్తాం? థర్మోస్టాట్ 7కి దించాను. దించిన రోజు నుంచీ టెన్షనే.

ఆ డిసెంబరులో వారం పైన గడ్డకట్టే చలి పడింది. ఒక రాత్రి రెండింటికి మెలకువ వచ్చి కిటికీలోంచి చూస్తే గ్రీన్‌హౌస్‌లో హీటర్ ఎర్ర లైటు వెలగడం లేదు. ప్లగ్గు దగ్గర తడి తగిలి ట్రిప్ అయింది. బయట మైనస్ 6. లోపల థర్మామీటర్ 1 చూపిస్తోంది. అద్దాల లోపలి వైపు చెమ్మంతా మంచు ముగ్గులా పేరుకుపోయింది. ఆకులు కాడల దగ్గర వాలిపోయి వేలాడుతున్నాయి. బిర్యానీ వండే పెద్ద గుండిగ నిండా నీళ్లు మరగబెట్టి, మా ఆయన ఓ చెవి నేనో చెవి పట్టుకుని జారే గడ్డి మీద మోసుకెళ్లి కుండీ పక్కన పెట్టాం. పాత రగ్గులు రెండు చెట్టు చుట్టూ కప్పాం. తెల్లారేదాకా మూడుసార్లు నీళ్లు మార్చాం. రగ్గు ఎత్తి చూసిన ప్రతిసారీ ఆకుల మీద ఆవిరి చుక్కలు కట్టి ఉండేవి.

చెట్టు బతికింది. నాలుగైదు ఆకుల అంచులు మాత్రం మాడాయి. మార్చి మొదటి వారంలో కొమ్మ చివర్ల మొగ్గలు ఉబ్బాయి. మళ్లీ చిగురే అనుకున్నాను. దగ్గరికెళ్లి చూస్తే ఆకు కాదు, సన్నటి నూగుతో లేత ఆవపిండి రంగు పూత! అచ్చం మామిడి పూతలా, గుత్తులు గుత్తులుగా. ఆ చలికాలం లేకపోతే ఆ పూత వచ్చేది కాదని ఎవరితోనైనా వాదిస్తాను.

మనకిది కొత్త విషయమేమీ కాదు. నూజివీడు వైపు మామిడి రైతునెవరినైనా అడగండి, చలి సరిగ్గా పడని ఏడాది పూత ఆలస్యమవుతుందని చెబుతాడు. లిచీ అంతకంటే పట్టుదల గల చెట్టు. కొన్ని వారాలు చల్లదనం తగిలి చిగురు ఆగి, కొమ్మ ముదిరితేనే తరవాతి మొగ్గ పూతవుతుంది. బీహార్‌లోని ముజఫర్‌పుర్ షాహి రకం లిచీకి 2018లో జీఐ ట్యాగ్ (ఫలానా ప్రాంతపు సరుకు అని ఇచ్చే గుర్తింపు) వచ్చింది, అంత పేరున్న ఆ ఊళ్లో జనవరి రాత్రులు 10 డిగ్రీల కిందికి పోతాయి. గుంటూరులో మా నాన్న పెరట్లో వేసిన లిచీకి పన్నెండేళ్లు. నీడ బ్రహ్మాండంగా ఇస్తుంది, కాయ ఒక్కటీ చూడలేదు. గుంటూరుకి అంత చలి ఎక్కడిది?

నీళ్ల గురించి ఎవరూ చెప్పరు, నేను చెబుతాను. మా దగ్గర కుళాయి నీళ్లలో సున్నం ఎక్కువ, కెటిల్ అడుగు చూస్తే తెలుస్తుంది. లిచీకి కొంచెం పులుపు (ఆమ్ల గుణం) ఉన్న మట్టి కావాలి. కుళాయి నీళ్లు పోసిన మొదటి ఏడాది ఆకులు పసుపు పచ్చబడి, ఈనెలు మాత్రం పచ్చగా మిగిలాయి. అది సున్నం వల్ల ఇనుము అందక వచ్చే రోగం. ఎరువుల మీద ఎరువులు కొనిపించిన సలహాలన్నీ వృథా. పైకప్పు నుంచి పడే వాన నీళ్లు డ్రమ్ములో పట్టి పోయడం మొదలుపెట్టాక రెండు నెలల్లో కొత్త ఆకు పచ్చగా వచ్చింది.

ఇంకో బాధ, గింజ మొక్కల్ని అంటు మొక్కలని అమ్మేవాళ్లు. మొదట ఆన్‌లైన్‌లో ఒకచోట కొన్నది నన్ను అలాగే మోసం చేసింది. గింజ నుంచి వచ్చిన మొక్క కాపుకి రావడానికి పదేళ్లు పట్టొచ్చు, తల్లి రకం కాయే కాస్తుందన్న నమ్మకం కూడా లేదు. మూడేళ్లకే మీరు పూత ఆశిస్తున్నారంటే మీది అంటు మొక్కేనా అని ముందు కనుక్కోండి.

అంటు మొక్కే అయితే ఇలా చేయండి. అక్టోబరు నుంచి ఎరువు ఆపండి, నీళ్లు తగ్గించండి, కానీ వేర్లు పూర్తిగా ఎండనివ్వకండి. రాత్రి 5 నుంచి 10 డిగ్రీలు, పగలు 15 దాటకుండా తలుపు తెరిచి గాలి ఆడనివ్వండి. సున్నాకి మాత్రం పోనివ్వకండి. పూత కళ్లబడ్డాకే వేడి పెంచండి, నీళ్లు పెంచండి. తలుపులు మూసి ఉంటే తేనెటీగ లోపలికి రాదు. ఒకే గుత్తిలో మగపూలు ముందు, కాయ కట్టే పూలు తరవాత, మళ్లీ పుప్పొడి ఇచ్చే పూలు విచ్చుకుంటాయి కాబట్టి రెండు మూడు వారాలపాటు రోజూ మెత్తటి బ్రష్‌తో గుత్తులన్నీ తడమాలి. నేను మధ్యాహ్నం భోజనం కాగానే వెళ్లేదాన్ని.

బఠాణీ గింజంత పిందెలు చాలా పడ్డాయి, చాలావరకు రాలిపోయాయి. పదకొండు నిలిచాయి. ఆగస్టు మొదట్లో ఎర్రబడ్డాయి. క్రిస్మస్‌కి ఇక్కడి షాపుల్లోకి వచ్చే గోధుమ రంగు కాయలు తిని ఇదే లిచీ అనుకునేవాళ్ల మీద నాకు జాలి, కొమ్మ మీద కాయ తొక్క ఆ రంగులో ఉండదు. వేలితో నొక్కగానే టప్పుమని చిట్లి రసం మణికట్టు దాకా కారింది. ఒక కాయలో గింజ సన్నగా ముడుచుకుపోయి ఉంది, మిగతాదంతా గుజ్జే. వీడియో కాల్‌లో నాన్నకి చూపిస్తే, "చలికాలం ఎంతలో ఉంచావమ్మా?" అని అడిగి, నేను ఏడు డిగ్రీలు అనగానే లేచి పెరట్లోకి వెళ్లి కాసేపు తన చెట్టు కింద నిలబడ్డారు.