పాత కూల్‌డ్రింకు బోర్డులు కొనేముందు

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

పాత కూల్‌డ్రింకు కంపెనీల బోర్డులు పోగుచేయాలనుందని రాశావు. సంతోషం. ఇందులో దిగినవాళ్లు మొదట బోర్డు ముఖం చూసి మనసు పారేసుకుంటారు. నువ్వు మాత్రం చేతికి రాగానే తిప్పి వెనకవైపు చూడు. నకిలీ చేసేవాడు ముందువైపు పెట్టినంత శ్రద్ధ వెనక పెట్టడు.

ఎనామిల్ బోర్డుల సంగతి ముందు చెబుతాను, చేతులు ఎక్కువగా కాలేది అక్కడే. అది రంగు పూసిన రేకు కాదు. గాజుపొడిని ఇనుప రేకు మీద పరిచి, సుమారు 800 డిగ్రీల సెల్సియస్ వేడిలో కరిగించి పట్టిస్తారు. ఒక్కో రంగుకు ఒక్కో పొర, ఒక్కో కాల్పు. అందుకే రంగు మారేచోట గోరు పెట్టి మెల్లగా లాగితే చిన్న గట్టు తగులుతుంది. తగిలినంత మాత్రాన పాతదని నమ్మకు, ఇవాళ్టికీ ఆ పద్ధతిలో కొత్తవి చేస్తున్నారు. తగలకపోతే మాత్రం అనుమానించు.

తర్వాత స్క్రూ రంధ్రాలు. ఏళ్లతరబడి గాలికి కదిలిన బోర్డుకు స్క్రూ తల ఆనినచోట గాజు పెచ్చులూడుతుంది. ఆ పెచ్చుల్లో తుప్పు ముదురు గోధుమరంగులో, రేకును గట్టిగా కరుచుకుని ఉంటుంది. ఆమ్లం పోసి తెప్పించిన తుప్పయితే నారింజ రంగులో పొడిపొడిగా వేలికి అంటుకుంటుంది. అంచులు ముసలివై రంధ్రాలు కొత్తగా మెరుస్తుంటే ఆ బోర్డు ఏ గోడకూ వేలాడలేదన్నమాట. అతినీలలోహిత టార్చి ఒకటి కొనుక్కో. చీకట్లో వేస్తే, తర్వాత రంగేసి కప్పిపెట్టిన మచ్చలు చాలాసార్లు విడిగా కనపడతాయి.

అమ్మేవాడు కాలం చెబితే బోర్డునే అడుగు. కోకా-కోలా 1886లో అట్లాంటాలో పుట్టింది గానీ, దాని ఒంపుల సీసాకు పేటెంటు వచ్చింది 1915లో. ఆ సీసా బొమ్మ వేసి 1900 నాటిదంటే నవ్వి పక్కకు జరుగు. పెప్సీ-కోలా అనే పేరు 1898లో పెట్టారు, అంతకుముందు అది బ్రాడ్స్ డ్రింక్. అమెరికా చిరునామాలో జిప్ కోడ్ (మన పిన్ కోడ్ లాంటిది) ఉందా, 1963కు ముందుది కాదు. ఆ దేశంలో 1920 నుంచి 1933 దాకా మద్యనిషేధం కాబట్టి, 1925 నాటి బీరు ప్రకటనంటే ఆల్కహాలు దాదాపు లేని రకానిదై ఉండాలి. ఇవన్నీ ‘ఇంతకంటే పాతది కాదు’ అని చెప్పగలవు, అంతే. నిన్న అచ్చేసిన ట్రే మీద కూడా పాత బొమ్మతోపాటు పాత సంవత్సరమూ దిగుతుంది.

నకలు కంటే ప్రమాదమైనది ఇంకోటుంది. అసలు కంపెనీ ఎన్నడూ చేయించని వస్తువులు! ఇత్తడి బెల్టు బకిళ్లు, జేబుకత్తులు, ఏదో పాత ఏడాది చెక్కి మరీ అమ్ముతారు. పోల్చి చూద్దామంటే అసలుదే లేదాయె. పాత కంపెనీ కేటలాగుల్లో కనిపించని రకాన్ని ఎంత ముచ్చటేసినా వదిలెయ్.

అన్నీ కొనకు. ట్రేలో, సీసా మూతలో, ఓపెనర్లో, ఏదో ఒకటి పట్టుకో. నా మాట వింటే పెద్ద పేర్ల జోలికి ఇప్పుడే పోవద్దు. ఊరూపేరూ తెలియని చిన్న సోడా కంపెనీల సరుకుకు నకళ్లు చేసి లాభపడేవాడు తక్కువ.

కొన్నాక చెయ్యి దురద పెట్టినా రంగు వేయించకు. పెచ్చులూడిన అసలు బోర్డుకున్న గిరాకీ, మెరుగులు దిద్దినదానికి ఉండదు. ఎనామిల్‌కు సబ్బునీళ్లు, మెత్తటి గుడ్డ చాలు. బొమ్మ అచ్చేసిన రేకు బోర్డుకు అవి కూడా మూల ఒకచోట పరీక్షించాకే. గాజు వెనక రంగులద్దిన బోర్డుల్లో రంగువైపు తడిగుడ్డ తగలనివ్వకు, ఊడిందంటే అంతే. అట్టబొమ్మలకు ఎండ తగలకూడదు. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు, గరుకు కాగితంతో రుద్దకు.

నియాన్ బోర్డు దొరికిందని రాశావే, దాన్ని ప్లగ్గులో పెట్టి చూడకు. అందులో ట్రాన్స్‌ఫార్మర్ వేల వోల్టులు పుట్టిస్తుంది, పాత తీగల తొడుగు పొడిపొడిగా రాలిపోయి ఉంటుంది. నియాన్ పని తెలిసిన ఎలక్ట్రీషియన్ చూశాకే వెలిగించు. ఈలోగా దాని వెనకవైపు, రంధ్రాలు, అంచులు దగ్గరగా ఫోటోలు తీసి పంపు.

నీ పెదనాన్న