కొడుకును మిలిటరీకి పంపే ముందు నా చెల్లెలికి

గుంతకల్లు,
ఆదివారం

చెల్లీ,

నిన్న రాత్రి నువ్వు ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. మీవాడు అగ్నివీర్‌గా, అంటే నాలుగేళ్ల సర్వీసుకు, సైన్యంలో ఎంపికైనట్టు లెటర్ వచ్చిందని చెప్పేటప్పుడు నీ గొంతు ఎంత ఎత్తున ఉందో, "అక్కా, వెల్లింగ్టన్ ఎంత దూరం?" అని అడిగేసరికి అంత సన్నబడింది. 2004లో నేనూ ఇట్లే ఉన్నాను. వీధంతా తిరిగి స్వీట్లు పంచి వచ్చి, వంటింటి తలుపు వేసుకుని ఏడ్చాను. మావాడు పదిహేడేళ్లు సర్వీసు చేసి, 2021లో హవల్దారుగా ఇంటికొచ్చాడు. ఆ పదిహేడేళ్లలో నాకు తెలిసొచ్చినవి నీకు చెప్పాలి. ఫోన్‌లో చెబితే మధ్యలో ఇద్దరం ఏడ్చేస్తాం. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

ముందు ఒక మాట. దిష్టి తగులుతుందని సంతోషాన్ని దాచుకోకు. సైన్యం సెలక్షన్లో పదహారు వందల మీటర్లు ఐదున్నర నిమిషాల్లో పరిగెత్తితేనే నిండా అరవై మార్కులు. కమ్మీకి వేలాడి పది పుల్లప్స్ తీస్తే నలభై. ఆ మార్కుల కోసం వాడు చెరువు కట్ట మీద ఎన్ని తెల్లవారుజాములు పరిగెత్తాడో నాకు తెలుసు. వాడికంటే ముందు లేచి రాగి అంబలి కాచింది నువ్వు. మొదటి రిక్రూట్‌మెంట్ ర్యాలీలో వెనక్కి పంపేస్తే, నాలుగు రోజులు ఎవరితోనూ మాట్లాడని పిల్లోణ్ణి మళ్లీ కట్ట మీదికి పంపింది కూడా నువ్వే. పది మందిలో తలెత్తి చెప్పు. వాడు పక్కనే ఉన్నప్పుడు చెప్పు, వాడు వినాలి.

వెల్లింగ్టన్ ఊటీ కొండల్లో కూనూరు పక్కన ఉంది. ఆరు వేల అడుగుల ఎత్తు. మన అనంతపురం ఎండలో పెరిగినవాడికి మొదటి నెల చలి కష్టంగానే ఉంటుంది. వాడు చేరేది మద్రాస్ రెజిమెంట్. 1758లో మొదలైన పాత పటాలం, తెలుగు పిల్లలు బాగా ఉంటారు, కాబట్టి మాట్లాడే మనిషి లేడని దిగులు పడొద్దు. వాళ్లుండే బ్యారక్స్‌కు జనరల్ శ్రీనగేశ్ పేరు పెట్టారు. సైన్యాధిపతిగా చేసి, 1962లో మన రాష్ట్రానికి గవర్నరుగా వచ్చిన ఆయనే. మీ ఇంట్లో కాలేజీ చదువుతున్న చిన్నదానికి ఈ సంగతి చెప్పు, అన్న ఎక్కడికి పోతున్నాడో గొప్పగా చెప్పుకుంటుంది.

శిక్షణలో ఫోన్లు తీసి పెట్టేస్తారు. మామూలుగా సెలవు రోజు కాసేపు ఇస్తారు. ఆ కాసేపటి గురించే నీకు ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అక్కడే నేను రెండు పెద్ద తప్పులు చేశాను.

మొదటిది 2006లో. మా పెద్దదాని పెళ్లికి చేసిన అప్పు మీద పడింది. వడ్డీ ఇచ్చినాయన ఇంటి ముందు కూర్చుని పోయిన రోజే మావాడు జమ్మూ నుంచి ఫోన్ చేశాడు. ఇరవై నిమిషాలు ఏడ్చాను. వాడు ఒక్క మాట మాట్లాడలేదు, "సరేమ్మా" అని పెట్టేశాడు. నా గుండె బరువు దిగింది, ఆ రాత్రి అన్నం తిని పడుకున్నాను. నాలుగు రోజుల తర్వాత వాళ్ల సుబేదారు ఫోన్ చేశాడు. శ్రీకాకుళం వైపు ఆయన, మంచి మనిషి. "అమ్మా, మీవాడు రాత్రి డ్యూటీలో తుపాకి పట్టుకుని అప్పుల లెక్కలు వేస్తున్నాడు. అక్కడ నిలబడేవాడు లెక్కలు వేయకూడదమ్మా" అన్నాడు. కోప్పడలేదు, మెల్లగానే చెప్పాడు. ఆ మాట ఇన్నేళ్లయినా నా చెవిలో ఉంది.

దాంతో రెండో వైపుకు పోయాను. ఏం జరిగినా చెప్పడం మానేశాను. 2011లో మీ బావకు గుండె నొప్పి వచ్చి కర్నూలులో స్టెంట్ వేశారు. మూడు వారాలు వాడికి తెలియనివ్వలేదు. ఫోన్ చేసినప్పుడల్లా "నాన్న డ్యూటీకి పోయినాడు" అనేదాన్ని. ఎవరో స్నేహితుడు "మీ నాన్నకు ఇప్పుడెలా ఉంది?" అని అడిగితే బయటపడింది. సెలవు మీద వచ్చినప్పుడు వాడు నా మీద అరవలేదు. "ఈ ఇంట్లో నేను చుట్టాన్నా అమ్మా?" అన్నాడు. అది చాలదన్నట్టు, ఆ తర్వాత రెండేళ్లు నేను "అందరం బాగున్నాం" అంటే నమ్మేవాడు కాదు. నాతో మాట్లాడాక పక్కింటివాళ్లకు చేసి కనుక్కునేవాడు. వాడి టెన్షన్ తగ్గించాలని దాచిపెట్టి, నా మాట మీద నమ్మకమే పోగొట్టుకున్నాను.

ఇప్పుడు నేను అందరు తల్లులకూ ఒకే పద్ధతి చెబుతాను. ఇంట్లో ఏదైనా జరిగితే దాచొద్దు. కానీ ఇప్పుడు ఎలా ఉందో ముందు చెప్పు. ఏం జరిగిందో తర్వాత చెప్పు. ఎవరు చూసుకుంటున్నారో చెప్పి ముగించు. "నాన్న ఇప్పుడు లేచి తిరుగుతున్నాడు. పోయిన సోమవారం నొప్పి వస్తే స్టెంట్ వేశారు. పెద్దమ్మ నాతోనే ఉంది." ఈ వరసలో వింటే వాడు తట్టుకుంటాడు. నిజంగా వాడు రావాల్సినంత అవసరం ఉంటే, ఏడుస్తూ వాడికి చేయొద్దు. వాడి కంపెనీ, అంటే వాడుండే సైనిక దళం, ఆఫీసు నంబరు ముందే రాసిపెట్టుకుని అక్కడికి చేయించు. సెలవు ఇవ్వాల్సింది పైవాళ్లు కాబట్టి సంగతి వాళ్లకు సూటిగా తెలియాలి. ఏడుపు వస్తే నాకు చెయ్యి. అర్ధరాత్రయినా సరే.

మామూలు రోజుల్లో ఏం మాట్లాడాలి అంటావా? ఊరి ముచ్చట్లు చెప్పు. బర్రె ఈనిందా, చెనిక్కాయ పంట ఎట్లుంది, చిన్నది ఏ సినిమాకు పోతానని గొడవ చేసింది, ఇవన్నీ. "తిన్నావా?" అని నువ్వు ఎట్లాగూ అడుగుతావు, అడుగు. "ఎక్కడున్నావు, ఎప్పుడు కదులుతారు?" అని మాత్రం అడగొద్దు. వాడు చెప్పలేడు, నీతో అబద్ధమాడాల్సి వస్తుంది. చిన్నదానికి కూడా గట్టిగా చెప్పు. అన్న యూనిఫాం ఫోటో, యూనిట్ పేరు, ఏ రైల్లో ఎటు పోతున్నాడో, ఏదీ వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకూడదు. "మీవాడికి యాక్సిడెంట్ అయింది, డబ్బు పంపండి" అని తెలియని నంబరు నుంచి ఎవరైనా చేస్తే, పెట్టేసి కంపెనీ ఆఫీసుకు చేసి కనుక్కోండి.

ఇక భయం సంగతి. 2025 మే నెల తొమ్మిదో తేదీన నువ్వు నాకు చేసిన ఫోన్ నేను మరిచిపోలేదు. గోరంట్ల మండలం కల్లితండా పిల్లోడు మురళీ నాయక్ సరిహద్దులో పోయాడని తెలిసిన రోజు. అతనూ అగ్నివీరే, మన పాత అనంతపురం జిల్లా బిడ్డే. "అక్కా, వీణ్ణి పంపాలా?" అన్నావు. ఆ రోజు నేను సరైన జవాబు ఇవ్వలేకపోయాను. ఇప్పుడూ "ఏమీ కాదులే" అని రాయను. అట్లా చెబితే ఆ తండాలో ఉన్న తల్లికి అన్యాయం చేసినట్టే అవుతుంది. పోయేవాడికి ఆ సంగతి తెలుసు. ఆ వార్త విన్న మర్నాడు కూడా వాడు చెరువు కట్ట మీదికి పరుగుకు పోయాడని నువ్వే చెప్పావు కదా. వాడు తెలిసే పోతున్నాడు చెల్లీ. వాడి ధైర్యాన్ని మనం తక్కువ చేయకూడదు.

భయాన్ని టీవీతో మాత్రం పెంచుకోకు. 2016 ఫిబ్రవరిలో సియాచిన్‌లో మంచు కూలి మద్రాస్ రెజిమెంట్ జవాన్లు పది మంది దాని కింద కూరుకుపోయారు, అందులో ఒకరిది మన కర్నూలు జిల్లా. మావాడిది ఫిరంగుల పటాలం, వేరే చోట ఉన్నాడు. అది నాకు తెలుసు. అయినా అప్పుడు వాడు లడఖ్ వైపే ఉండటంతో, ఫోన్ కలవని నాలుగు రోజులూ టీవీ ముందు నుంచి లేవలేదు. కింద పోయే అక్షరాలు చదివి చదివి కళ్లు మండేవి. నాకు కొత్తగా తెలిసింది ఏమీ లేదు, మీ బావకు మాత్రం బీపీ పెరిగింది. ఐదో రోజు వాడే చేశాడు. సిగ్నల్ లేదంట, అంతే. అప్పటినుంచి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వార్తలు చూసి కట్టేయడం అలవాటు చేసుకున్నాను. ఏదైనా జరిగితే సైన్యమే ఇంటికి చెబుతుంది, టీవీ చెప్పేదాకా మనల్ని ఉంచరు.

మొక్కుకోవాలనిపిస్తే మొక్కుకో. నేను కసాపురం ఆంజనేయస్వామికి మొక్కి ప్రతి శనివారం పోయేదాన్ని. దేవుడు విన్నాడో లేదో ఆయనకే తెలుసు కానీ, నడిచి పోయి వచ్చిన రోజు నాకు నిద్ర పట్టేది.

డబ్బు సంగతి మరిదితో కూర్చుని మాట్లాడు. మొదటి ఏడాది నెలకు ముప్పై వేలు అంటారు, చేతికి వచ్చేది ఇరవై ఒక్క వేలు. మిగతా తొమ్మిది వేలు సేవా నిధికి పోతుంది. నాలుగేళ్లకు ప్రభుత్వం వేసేదీ వడ్డీ కలిపి పదకొండు లక్షల పైన వస్తుంది. వందలో ఇరవై ఐదు మంది దాకా మాత్రమే పర్మనెంటుగా ఉంచుకుంటారు. మావాడి రోజులు వేరు, పెన్షన్ ఉండేది. మీవాడికి నాలుగేళ్ల తర్వాత మళ్లీ బతుకు మొదలు కావచ్చు. ఆ సేవా నిధి వాడి విత్తనాల గింజలు. దాన్ని చూపించి అప్పు తెచ్చి బోరు వేయొద్దని మరిదికి నా మాటగా చెప్పు. ఇప్పటికే రెండు బోర్లు ఎండాయి. మూడోది వెయ్యి అడుగులు పోయినా నీళ్లు పడతాయని ఎవరూ చెప్పలేరు, పిల్లోడి నాలుగేళ్ల చెమట మాత్రం ఆ గుంతలో పోతుంది. వీలుంటే సర్వీసులో ఉండగానే ఇగ్నో దూరవిద్యలో డిగ్రీ కట్టమను. కేంద్ర పోలీసు బలగాల్లో మాజీ అగ్నివీరులకు రిజర్వేషన్ ఉంది, చదువు చేతిలో ఉంటే ఇంకో నాలుగు తలుపులు తెరుచుకుంటాయి.

పెళ్లి మాట ఎత్తొద్దు. పెళ్లికానివాళ్లనే తీసుకుంటారు, నాలుగేళ్లు చేసుకోకూడదు. మీ ఆడబిడ్డ తన కూతురి గురించి ఇప్పటినుంచే మాట అడుగుతోందని విన్నాను. మాట ఇచ్చి ఆ పిల్లను నాలుగేళ్లు కూర్చోబెట్టడం కూడా న్యాయం కాదు.

కాగితాలు జాగ్రత్త. నా పేరు మావాడి రికార్డులో ఒక రకంగా, ఆధార్‌లో ఇంకో రకంగా పడింది. ఒక్క అక్షరం తేడా. దాన్ని సరిచేయించడానికి ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు రెండేళ్లు తిరిగాను. వాడు బయలుదేరే ముందే మీ ఇద్దరి పేర్లు, పుట్టిన తేదీలు ఆధార్‌లో, బ్యాంకులో, వాడి టెన్త్ సర్టిఫికెట్‌లో ఒకే రకంగా ఉన్నాయో లేదో కూర్చుని చూసుకోండి. అన్నిటికీ జిరాక్సులు తీసి ఇంట్లో ఒక ఫైలు పెట్టు. ఆర్మీ నంబరు వచ్చాక ఆ ఫైలు అట్ట మీద పెద్దగా రాయి. బీమా కాగితంలో నామినీ పేరు అడుగుతారు. నలభై ఎనిమిది లక్షల బీమా, మన దగ్గర ప్రీమియం తీసుకోరు. ఆ అంకె పక్కన నీ పేరు చూస్తే ఒళ్లు ఝల్లుమంటుంది. నాకూ అట్లే అయింది. వాడి ముందు ఆ కాగితం పక్కకు నెట్టేయకు, అది వాడు తన ఇంటికి చేస్తున్న ఏర్పాటు. ఏదైనా తెలియకపోతే అనంతపురంలో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఉంది, మావాడు తోడు వస్తాడు.

శిక్షణ అయ్యాక కసం పరేడ్, అంటే ప్రమాణం చేసే కవాతు, ఉంటుంది, తల్లిదండ్రులను పిలుస్తారు. ఖర్చని మానుకోవద్దు, నేను సగం పెడతాను. మనకు గౌరవ పదకం పెడతారు. నాసిక్‌లో మావాడి పరేడ్‌కు పోవాలంటే కర్ణాటక ఎక్స్‌ప్రెస్ ఎక్కి మన్మాడ్‌లో మారాలి. అంత దూరం ఎందుకులే అని మేం పోలేదు. ఆ లోటు ఇప్పటికీ నాకుంది.

మొదటి సెలవుకు వచ్చినప్పుడు వేరే మనిషి వచ్చినట్టు ఉంటుంది. నాలుగింటికే లేస్తాడు, ఐదు నిమిషాల్లో అన్నం ముగిస్తాడు, మాటల్లో హిందీ దొర్లుతుంది. "మారిపోయినావు" అనొద్దు. చుట్టాల ఇళ్లన్నీ తిప్పకు, రెండు రోజులు నిద్రపోనివ్వు. ఉగ్గాని, మిరపకాయ బజ్జీ చేసి పెట్టి పక్కన కూర్చో. చెప్పాలనుకున్నది వాడే చెబుతాడు. కొన్ని ఎప్పటికీ చెప్పడు, అడగొద్దు.

మరిది సంగతి నువ్వే చూసుకోవాలి. మగవాళ్లు మాట్లాడరు. మావాణ్ణి రైలెక్కించేటప్పుడు మీ బావ ట్రంకుపెట్టె మోసుకొచ్చి లోపల పెట్టి, బిడ్డ ముఖం కూడా చూడకుండా దిగిపోయాడు. రాయిలాంటి మనిషి అనుకున్నాను. ఆ రాత్రి లేచి చూస్తే, తన మంచం వదిలేసి పిల్లోడి మంచం మీద ముడుచుకుని పడుకుని ఉన్నాడు. నేను దుప్పటి కప్పి వచ్చేశాను, పొద్దున అడగలేదు. మరిది పొలానికి పోయి పొద్దుపోయాక వస్తే, ఏమైందని నిలదీయకు. వేడిగా సంగటి పెట్టు.

గుంటూరులో రిపోర్టు చేయాలన్నావు కదా, గుంతకల్లు నుంచే రైలు. ముందు రోజు మధ్యాహ్నానికి ముగ్గురూ ఇక్కడికి వచ్చేయండి. చెనిక్కాయ ఉండలు నేను చేస్తున్నాను, నువ్వు పచ్చడి ఒక్కటే తీసుకురా. గాజు సీసాలో కాదు, మూత బిగుతుగా ఉండే స్టీలు డబ్బాలో. మావాడికి చెప్పాను, తమ్ముడి ట్రంకుకు తెల్ల పెయింటుతో పేరు వాడే రాస్తానన్నాడు. పెయింటు ఆరడానికి టైం కావాలంట, కాబట్టి ఆలస్యం చేయొద్దు.

మీ అక్క