సముద్రంలో అన్ని రోజులు పడవ మీద బోర్ కొట్టదా?

"చుట్టూ నీళ్ళు తప్ప ఏమీ ఉండదు కదా, పెద్ద సముద్ర రేసుల్లో పడవ మీద పొద్దెలా పోతుంది?" అని అడిగారు. బోర్ కొట్టాలంటే ముందు తీరిక ఉండాలండీ.

తెరచాప పడవల్లో విడతలుగా ప్రపంచం చుట్టే క్లిప్పర్ రేసులో, కేప్‌టౌన్ నుంచి ఆస్ట్రేలియాలోని ఫ్రీమాంటిల్ దాకా నేనూ వెళ్ళాను. ఎక్కడా ఆగకుండా ఒంటరిగా ప్రపంచం చుట్టిన మొదటి నావికుడు రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ 1996లో మొదలుపెట్టిన రేసు ఇది. స్కిప్పర్ (పడవ కెప్టెన్) లాంటి ఒకరిద్దరు తప్ప మిగతా అందరూ డబ్బు కట్టి ఎక్కిన మామూలు ఉద్యోగులే. 70 అడుగుల పడవ, రెండు జట్లు. పగలు ఆరేసి గంటలు, రాత్రి నాలుగేసి గంటలు వంతులు. ఒకరు లేచిన బంక్‌లోనే ఇంకొకరు పడుకోవాలి. తడి బట్టలు విప్పి కాస్త వెచ్చబడేసరికి మళ్ళీ లేపుతారు.

వీటన్నిటికంటే పెద్ద పని వంట. దాన్ని మదర్ వాచ్ అంటారు. ఇద్దరు రోజంతా అందరికీ వండాలి, బదులుగా ఆ రాత్రి పూర్తిగా నిద్రపోవచ్చు. అంటార్కిటికా చుట్టూ ఉండే దక్షిణ సముద్రంలో గాలి ముదిరిన రోజు నా వంతు వచ్చింది. నా జతగాడు వాంతులతో పడిపోయాడు. కాళ్ళ మీద వేడినీళ్ళు పడకుండా రెయిన్ ప్యాంటు వేసుకుని, నడుముకి పట్టీ కట్టుకుని పప్పన్నం మొదలుపెట్టాను. అల కొట్టగానే పడవ పక్కకు వాలింది. స్టవ్ ఇరుసు మీద ఊగి తిన్నగానే ఉంది, నేను మాత్రం పట్టీకి వేలాడాను. లోతు గిన్నెల్లో పైకి అందిస్తే, అప్పటిదాకా బిస్కెట్లతో సరిపెట్టుకున్న చుక్కాని మనిషి రెండోసారి పెట్టించుకున్నాడు. ఆ రాత్రి మా వేగం తగ్గలేదంటే ఆ అన్నం వల్లే, ఇందులో నాకు అనుమానం లేదు.

ఇది చెబితే మా బంధువులు "అంత డబ్బు పోసి వంట చేయడానికి వెళ్ళావా?" అంటారు. వంటని చిన్న పనిగా చూడటం మన మగవాళ్ళకి పట్టిన జబ్బు. ఆడపిల్లల సాహసాల్నీ అలాగే తేలిగ్గా తీసేస్తాం. 2017 సెప్టెంబర్‌లో గోవా నుంచి బయల్దేరి 254 రోజుల్లో ప్రపంచం చుట్టి వచ్చిన మన నేవీ తెరచాప పడవ తారిణిలో ఆరుగురూ నేవీ అమ్మాయిలే. అందులో స్వాతిది విశాఖ, ఐశ్వర్యది హైదరాబాద్. అది రేసు కాదు గానీ, దాటింది ఆ దక్షిణ సముద్రాన్నే. మన ఇళ్ళలో ఎంతమందికి ఆ పేర్లు తెలుసు?

మీకు వెళ్ళాలని ఉంటే తెరచాపల అనుభవం లేదని ఆగిపోకండి, ట్రైనింగ్ వాళ్ళే ఇస్తారు. వంట మాత్రం ఇంట్లోనే నేర్చుకుని వెళ్ళండి.