సంపు మోటర్ గుయ్‌మంటది గానీ తిరగదు, వైండింగ్ కాలినట్టేనా?

దేవరకొండ నుంచి వచ్చిన ప్రశ్న: "సంపుల నుంచి పైట్యాంకుకు ఎక్కించే అర హెచ్‌పీ మోనోబ్లాక్ (మోటర్, పంపు కలిసి ఒక్కటే). స్విచ్ వేస్తే గుయ్‌మంటది, తిరగదు. వెనక ఫ్యాను జాలీల పుల్ల పెట్టి నెడితే అందుకుంటది. ఒకసారి నీళ్లెక్కుతయి, ఇంకోసారి ఎంతసేపు తిరిగినా చుక్క రాదు. మెకానిక్ వైండింగ్ కాలింది, మళ్ల కట్టాలె అంటున్నడు. కట్టియ్యాల్నా?"

అన్నా, ఇప్పుడే కట్టియ్యకండి. పుల్లతో నెడితే తిరుగుతది అన్నరు చూడండి, జవాబు అండ్లనే ఉంది. వైండింగ్ అంటే లోపలి తీగ చుట్టలు, అవి రెండు: రన్నింగ్ కాయిల్, స్టార్టింగ్ కాయిల్. రన్నింగ్ కాయిల్ కాలిన మోటర్ ఎంత నెట్టినా అందుకోదు. ఫ్యూజ్ కొడతది, లేదంటే వార్నిష్ మాడిన వాసన గుప్పుమంటది. మీ దాంట్ల పోయింది స్టార్టింగ్ దారి. అంటే కండెన్సర్, దాని వైరు, లేకుంటే స్టార్టింగ్ కాయిల్. ఈ మూడిట్ల ముందుగాల పోయేది ఎక్కువగ కండెన్సరే. వంద, రెండు వందలల్ల అయిపోయే పని.

నీళ్లు ఒకసారి ఎక్కి ఇంకోసారి ఎందుకు ఎక్కుతలేవంటే, సింగిల్ ఫేజ్‌ల ఒక్క కాయిల్‌కు దిక్కు తెల్వదు. ఉన్నకాడనే అటూ ఇటూ ఊపుతది, ఆ ఊపే గుయ్ మనే చప్పుడు. కండెన్సర్ రెండో కాయిల్‌కు, అంటే స్టార్టింగ్ కాయిల్‌కు, కరెంటును జర ముందుకు జరిపి ఇస్తది, అప్పుడే మోటర్‌కు ఎటు తిరగాల్నో తెలుస్తది. కండెన్సర్ లేకుంటే మీ పుల్ల ఎటు నెడితే అటే తిరుగుతది. పంపు మీద బాణం గుర్తు ఉంటది, దానికి ఉల్టా తిరిగితే నీళ్లు ఎక్కవు. ఇగ ఆ పుల్ల పని మాత్రం బంద్ పెట్టండి. సంపు పక్కన తడి నేల, కరెంటు ఆన్‌ల ఉన్న మోటర్, చేతిల పుల్ల, మూడూ ఒక్కకాడ ఉండొద్దు.

గుయ్‌మనుకుంట ఆగిన మోటర్ మామూలుగ తీసుకునే దానికి అయిదారు రెట్లు కరెంటు లాగుతది. నాలుగు సెకన్లల్ల తిరగకుంటే ఆఫ్ చేయాలె. "జర సేపైతే అందుకుంటదేమో" అని ఆన్‌ల ఉంచితేనే నిజంగ వైండింగ్ కాలుతది. కిట్‌కాట్‌ల (ఫ్యూజ్ తీగ పెట్టే పింగాణీ ముక్క) లావు తీగ చుట్టిన ఇండ్లల్ల అయితే ఆపేటిది కూడా ఏదీ ఉండదు.

కండెన్సర్ చూసే పద్ధతి చెప్తా. స్విచ్ ఒక్కటే కాదు, మెయిన్ ఆఫ్ చేయండి లేదా కిట్‌కాట్ గుంజి జేబుల పెట్టుకోండి. మోటర్ మీదున్న చిన్న డబ్బా మూత విప్పితే గుండ్రంగ, రెండు వైర్లతోని కనిపించేది అదే. ముట్టకముందు ఫోన్‌ల ఫొటో తీసుకోండి. మోటర్ నుంచి వచ్చే వైర్లు తారుమారైతే మోటర్ ఉల్టా తిరుగుతది, వేడెక్కుతది. తర్వాత 60 వాట్ల పాత తీగ బల్బు హోల్డర్ వైర్లను కండెన్సర్ రెండు కొసలకు కొన్ని సెకన్లు తగిలించండి, దాంట్ల మిగిలిన చార్జ్ దిగిపోతది. మస్తు మంది స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి ఠప్‌మనిపిస్తరు. దాంతోని కొస కాలుతది, కండ్లల్ల నిప్పురవ్వ పడుతది.

దాని మీద విలువ రాసి ఉంటది. అర హెచ్‌పీకి ఎక్కువగ 10 లేదా 12.5 ఎంఎఫ్‌డీ (మైక్రోఫారడ్, కండెన్సర్ కొలత), 440 వోల్టులు. మీ దాని మీద ఏముంటే అదే లెక్క. కెపాసిటెన్స్ చూపే మల్టీమీటర్ ఉంటే పెట్టి చూడండి: 12.5 దానికి 12 నుంచి 13 మధ్య రావాలె. 10కి దిగితే మార్చుడే. మీది అసలే అందుకుంటలేదు కాబట్టి ఇంకా బాగ తక్కువ చూపిస్తదనుకుంట, లేదంటే వైరు కొస తుప్పుపట్టి ఊడి ఉంటది, అది కూడా చూడండి. నెత్తి ఉబ్బినా, జిడ్డు కారినా మీటర్ అవసరం లేదు. మీటర్ లేకపోతే అదే విలువది కొత్తది వేసి చూసుడే తేలిక. కండెన్సర్ రెండు కొసలకు ప్లస్, మైనస్ లేదు, ఏ కొస ఎటైనా కలపొచ్చు. 440 వోల్టులకు తక్కువది తీసుకోవద్దు. దుకాణంల "12.5 లేదు, 25 వేస్కో, ఇంకా గట్టిగ తిరుగుతది" అంటరు. తిరుగుతది నిజమే గానీ, స్టార్టింగ్ కాయిల్‌ల ఎక్కువ కరెంటు పారి కొన్ని రోజులల్లనే అది కాలిపోతది.

కొత్తది వేసినా గుయ్‌మంటే అప్పుడు కాయిల్ చూడాలె. కాయిళ్ల నుంచి వచ్చే మూడు వైర్లు విడదీసి, మీటర్ ఓమ్స్‌ల పెట్టి, రెండేసి చొప్పున మూడుసార్లు కొలవండి. అన్నిట్ల పెద్ద అంకె మిగిలిన రెండు కలిపినంత ఉండాలె. ఏదన్న జోడు ఏమీ చూపకుంటే ఆ కాయిల్ తెగినట్టు. ఏ వైరుకైనా మోటర్ బాడీకీ మధ్య రీడింగ్ వస్తే షార్ట్ ఉన్నట్టు. అప్పుడు మెకానిక్ మాటే నిజం, కట్టియ్యండి.

వోల్టేజ్ సంగతి మీ కేసుల తక్కువే గానీ, ఎండాకాలం సాయంత్రం మాత్రమే ఇట్ల అయ్యేటోళ్లు చూసుకోవాలె. 230 ఉండాల్సిన కాడ 180 ఉంటే మోటర్ తిప్పే బలం నూటికి అరవైకి పడిపోతది, ఎందుకంటే బలం వోల్టేజ్ వర్గం లెక్కన తగ్గుతది. ఖాళీగ ఉన్నప్పుడు కాదు, స్విచ్ వేసిన ఆ రెండు సెకన్లల్ల కొలవాలె. అప్పుడే 220 నుంచి 160కి జారితే సన్న వైరో, లూజు జాయింటో ఉన్నట్టు. సంపు దూరంగ ఉంటే 2.5 ఎంఎం రాగి వైరు వేయండి.

ఇంకొకటి, పుల్లతోని సుత కదలని మోటర్లు ఉంటయి. నెలో, రెండు నెలలో ఊరికి పోయొచ్చి స్విచ్ వేస్తే గుయ్‌మనేవి ఎక్కువగ ఇవే. మన నల్లగొండ జిల్లా నీళ్లంటే అందరూ ఫ్లోరైడ్ అంటరు గానీ, పంపు లోపలి చక్రాన్ని పట్టేది ఫ్లోరైడ్ కాదు, బోరు నీళ్లల్ల ఉండే సున్నం. ఈ పంపులల్ల చుట్టూ పండ్లున్న ఇత్తడి చక్రం ఉంటది, దానికీ గోడకూ మధ్య కాగితం పట్టేంత సందే. అండ్ల తెల్ల పొర గట్టిపడితే ఇగ కదలదు. మెయిన్ ఆఫ్ చేసి వెనక ఫ్యాను మూత తీస్తే చాలా మోటర్లల్ల షాఫ్ట్ కొసకు స్క్రూడ్రైవర్ గాడి ఉంటది. ఒకే దిక్కు బలంగ కాదు, కొంచెం అటూ కొంచెం ఇటూ ఊపుకుంట తిప్పండి. రాకుంటే ముందు మూత బోల్టులు పానాతో విప్పి చక్రం గుంజండి. సుత్తి పెట్టొద్దు, ఇత్తడి పండ్లు వంగుతయి. లీటర్ గోరువెచ్చటి నీళ్లల్ల 50 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి గంట, రెండు గంటలు నానబెడితే పొర దానంతట అదే ఊడుతది. బాత్రూం యాసిడ్ పోస్తే సున్నంతో పాటు ఇనుము, ఇత్తడి కూడా తింటది. మూత పెట్టేటప్పుడు లోపలి రబ్బరు రింగు కొత్తది వేయండి, పాతది దాదాపు లీకే.

అన్నీ బిగించినంక పంపు నిండ నీళ్లు పోసి, బాణం దిక్కుకే తిరుగుతుందా చూడండి. తిరిగినా నీళ్లు రాకుంటే అది కండెన్సర్ పని కాదు. మనోళ్లు ఫుట్‌బాల్ అంటరే, సంపుల పైపు కింది కొసకుండే ఆ ఫుట్‌వాల్వ్ లీకవుతున్నట్టు. నింపిన నీళ్లు పది నిమిషాలల్ల దిగిపోతే పైపు పైకి గుంజి దాని రబ్బరు మార్చండి.