గునుగు కోసే ముందు

బిడ్డా,

ఈసారి బతుకమ్మను నువ్వే పేరుస్తానన్నావని మీ అమ్మ చెప్పింది. సంతోషం. తంగేడు గురించి చెప్పక్కర్లేదు, పసుపుపచ్చగా దూరం నుంచే కనిపిస్తుంది. తిప్పలంతా గునుగు పువ్వుతోనే.

పత్తి చేలల్లో, మక్క చేలల్లో, గట్ల మీద వెతుకు. తెల్లటి కంకి, కొసన గులాబీ రంగు. ఆ గులాబీ ఇంకా ఉన్నదే కొయ్యి. కొస కూడా తెల్లబడితే ముదిరినట్టే, దులిపితే మెరిసే నల్లటి గింజలు రాలుతాయి. ఆ గింజల వల్లే రైతుకు దీని మీద కోపం, ఏటా వద్దన్నా మొలుస్తుంది. చేను వాళ్లను అడిగే లోపలికి పో. మందు కొట్టారేమో కూడా అడుగు. కలుపు మందులొచ్చాక మా ఊళ్లోనే గునుగు వెతుక్కోవాల్సి వస్తోంది. మా రోజుల్లో కలుపు తీస్తూ లేత ఆకు ఒడిలో వేసుకొచ్చి పప్పులో వండేవాళ్లం. ఇది తోటకూరకు చుట్టం, కోడిజుట్టు పువ్వుకైతే సొంత చెల్లెలే. గింజలు కంటి జబ్బులకు మంచివనేవారు. నీ కళ్లకు మాత్రం డాక్టర్ దగ్గరికే పో!

కాడ జానెడు ఉండేలా కొయ్యి. కొసలు సమంగా పెట్టి, గుప్పెడు గుప్పెడు దారంతో కట్టి, కింద కాడలు కత్తిరించు. గునుగు కాగితంలా పొడిగా ఉంటుంది, తంగేడులా తొందరగా వాడదు. అందుకే దీన్ని ముందు రోజే కోసుకో, తంగేడు పొద్దున కొయ్యి. మొదటి రోజు, ఎంగిలిపూల నాడు, నిన్నటి పూలేంటని ఎవరైనా అంటే పట్టించుకోకు. ముందు రోజు కోసి నీళ్లలో పెట్టిన పూలు కాబట్టే ఆ పేరని మా అమ్మ చెప్పేది.

రంగు విషయంలో నా మాట విను. అన్నీ ముంచితే ప్లాస్టిక్ పూలలా ఉంటాయి, పైగా ఆ రంగంతా చెరువులోకే పోతుంది. ఒకటి రెండు వరుసలకు చాలు, మిగతాది తెల్లగానే ఉండనీ.

పుట్టిన పిల్లలంతా పోతుంటే చివరికి పుట్టిన ఆడపిల్లకు 'బతుకమ్మ' అని పేరు పెట్టారట. ఎంత పీకినా మళ్లీ మొలిచే గునుగును ఆమె ఒంటి నిండా పేర్చడం నాకు ఎప్పుడూ సబబుగానే తోస్తుంది.

చివరి రోజు, సద్దుల నాటికి నేనూ వస్తాను. పెద్ద తాంబాళం తీసి పెట్టు. అడుగున పరచడానికి గుమ్మడాకులు నేను తెస్తాను, బస్సులో నలగకుండా.

మీ నాయనమ్మ