కోడింగ్ రాదు, కెమెరా అంటే బెరుకు: నా పేరు ఆన్‌లైన్‌లో నిలబడుతుందా?

ప్రశ్న: మాది హిందూపురం. బీకాం చేసి మూడేళ్లుగా బెంగళూరులో ఉంటున్నాను. పీణ్యలో ఒక హార్డ్‌వేర్ హోల్‌సేల్ షాపులో అకౌంట్స్ చూస్తాను. జీతం 22 వేలు. ట్యాలీ ఎంట్రీలు, జీఎస్టీ రిటర్నులు అన్నీ నేనే చేస్తాను. మా ఓనర్‌గారి స్నేహితులు కూడా, కొన్న బిల్లులన్నీ చూపించే జీఎస్టీ పోర్టల్ పట్టిక 2బీలో బిల్లు కనబడకపోతే నాకే ఫోన్ చేస్తుంటారు. పీజీ హాస్టల్లో నా రూమ్మేట్లు ఇద్దరూ సాఫ్ట్‌వేర్. వాళ్లకు సొంత వెబ్‌సైట్లున్నాయి, గిట్‌హబ్ ఉంది. ‘ఆన్‌లైన్‌లో పర్సనల్ బ్రాండ్ లేకపోతే ఈ షాపులోనే ఉండిపోతావు’ అంటున్నారు. ఒక ట్రైనింగ్ సంస్థ 35 వేలు కడితే వెబ్‌సైట్, లోగో చేసిచ్చి బ్రాండింగ్ నేర్పిస్తామంటోంది. నాకు కోడింగ్ రాదు, కెమెరా ముందు నోరు పెగలదు, ఇంగ్లీష్ అంతంతమాత్రం. నెట్‌లో ఫోటో పెట్టొద్దని నాన్న గట్టిగా చెప్పారు. ఆ కోర్సులో చేరమంటారా? లేక వెబ్ డిజైనింగ్ నేర్చుకోనా?
– ఒక పాఠకురాలు, దాసరహళ్లి, బెంగళూరు

జవాబు: రెండూ వద్దమ్మా. ముందు ఆ 35 వేలు బ్యాంకులోనే ఉంచండి. అది మీ నెలన్నర జీతం.

మీ ఉత్తరంలో మీరు మామూలుగా రాసి వదిలేసిన వాక్యం ఒకటుంది. ఓనర్‌గారి స్నేహితులు 2బీలో బిల్లు కనబడకపోతే మీకే ఫోన్ చేస్తారన్నారు. వాళ్లకీ అకౌంటెంట్లు ఉండే ఉంటారు కదా, అయినా మీకే ఎందుకు చేస్తున్నారు? ‘ఆ అమ్మాయిని అడిగితే తేలుతుంది’ అని వాళ్లలో ఒక నమ్మకం కుదిరింది కాబట్టి. మీ రూమ్మేట్లు బ్రాండ్ అంటున్నది దాన్నే. అది మీకు పీణ్యలో నాలుగైదు షాపుల మధ్య ఇప్పటికే ఉంది. కాకపోతే ఆ నాలుగైదు షాపులు దాటితే మీరు ఎవరికీ తెలియరు. మనం సరిచేయాల్సింది ఆ ఒక్కటే, దానికి కోడింగ్ అక్కర్లేదు.

మీ రూమ్మేట్లకు వెబ్‌సైట్, గిట్‌హబ్ ఎందుకంటే వాళ్ల పని అక్కడే కనబడుతుంది. కోడ్ రాసేవాళ్లు కోడ్ చూపిస్తారు. మీరు వెబ్‌సైట్ చేసి చూపిస్తే చూసేవాళ్లకు అర్థమయ్యేది మీకు వెబ్‌సైట్ చేయడం వచ్చని. ఆ విద్యకు మీ రంగంలో ఎవరూ జీతం ఇవ్వరు.

ఇక వెబ్‌సైట్ ‘చేసిచ్చే’ వాళ్ల సంగతి. ఇందులో నాకు చేతులు కాలాయి. కొన్నేళ్ల కిందట ఒకతనికి 18 వేలిచ్చి నా కౌన్సెలింగ్ కోసం సైట్ చేయించుకున్నాను. చూడ్డానికి బాగుంది, విజిటింగ్ కార్డుల మీద అడ్రస్ కూడా అచ్చేయించాను. డొమైన్, అంటే ఆ సైట్ అడ్రస్, మాత్రం ఆయన తన మెయిల్‌తో, తన పేరు మీద రిజిస్టర్ చేసుకున్నాడు. ఏడాది తిరిగేసరికి ఆయన ఫోన్ స్విచాఫ్. రెన్యూ చేద్దామంటే నా దగ్గర పాస్‌వర్డ్ లేదు. కొన్నాళ్లకు ఆ అడ్రస్ కొడితే రమ్మీ ఆటల పేజీ తెరుచుకునేది. నా కార్డు పట్టుకుని ఒక తల్లిగారు ఫోన్ చేసి, ‘సార్, మా అబ్బాయికి మీరు చెప్పేది ఇదేనా?’ అని అడిగితే ఏం చెప్పాలో తోచలేదు. ఎప్పటికైనా మీకు సొంత డొమైన్ కావాలనిపిస్తే మీ మెయిల్‌తో, మీ పేరు మీద మీరే కొనుక్కోండి. ఏడాదికి వందల్లో పని. పేజీ కావాలంటే గూగుల్ సైట్స్‌లో ఉచితంగా, పెట్టెల్ని అటూ ఇటూ జరిపి చేసుకోవచ్చు. కానీ ఇప్పుడు దాని అవసరం లేదు.

ఇప్పుడు మీకు కావాల్సింది ఉద్యోగాలు, వృత్తి పరిచయాల సైట్ లింక్డిన్‌లో ఒక్క పేజీ. ఉద్యోగాల సైట్ నౌక్రీలో ప్రొఫైల్ కూడా ఉంచుకోండి, నెలకోసారి తెరిచి ఏదో ఒకటి సవరించండి. ఈమధ్య యాక్టివ్‌గా ఉన్నవాళ్లనే వడపోసుకునే వీలు అక్కడ కంపెనీలకు ఉంటుంది. ఇన్‌స్టాగ్రామ్, ఎక్స్, యూట్యూబ్ అన్నిట్లో ఒకేసారి దుకాణం తెరిస్తే అన్నీ మూడో వారానికి మూతపడతాయి. నా దగ్గరకు వచ్చే పిల్లల్లో చాలామందికి జరిగేది ఇదే.

లింక్డిన్‌లో పేరు కింద ఒక లైను ఉంటుంది, హెడ్‌లైన్ అంటారు. 220 అక్షరాల చోటు. చాలామంది అక్కడ ‘అకౌంటెంట్’ అని రాసి ఊరుకుంటారు. బెంగళూరులో అకౌంటెంట్లకు కొదవా? ఉద్యోగం ఇచ్చేవాళ్లు వెతికేది మాటలతో. ఆ మాటలు మీ లైనులో ఉంటేనే మీరు కనబడతారు. మీకైతే నేను ఇలా రాస్తాను: ‘జీఎస్టీ, ట్యాలీ ప్రైమ్ అకౌంటెంట్ – హార్డ్‌వేర్ హోల్‌సేల్ – 2బీ రీకన్సిలియేషన్, ఇన్‌పుట్ క్రెడిట్ ఫాలోఅప్ – తెలుగు, కన్నడ, హిందీ – బెంగళూరు’. (రీకన్సిలియేషన్ అంటే మన లెక్కల్ని 2బీతో సరిపోల్చడం, ఇన్‌పుట్ క్రెడిట్ అంటే కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని మనం కట్టాల్సిన పన్నులో తగ్గించుకోవడం.) దీన్నే ఇంగ్లీషులో పెట్టండి. చూశారా, ఇందులో ఒక్క వాక్యమూ లేదు. మీ అంతంతమాత్రం ఇంగ్లీష్ దీనికి సరిపోతుంది. కన్నడ, హిందీ ఎంత వచ్చో మీరు రాయలేదు. పీణ్యలో మూడేళ్లు సప్లయర్లతో, డ్రైవర్లతో మాట్లాడారంటే పని నడిచేంత వచ్చే ఉంటుంది. రాకపోతే తీసేయండి. చిక్‌పేటలోనో అవెన్యూ రోడ్డులోనో ఉన్న వ్యాపారికి, పార్టీతో వాళ్ల భాషలో మాట్లాడి బిల్లు రాబట్టే అకౌంటెంట్ ఎంత అవసరమో మీ సాఫ్ట్‌వేర్ స్నేహితులకు తెలియదు.

పేజీ అయ్యాక అసలు పని మొదలవుతుంది. నెలకు రెండంటే రెండు చిన్న నోట్లు రాయాలి, మీ చేతుల మీదుగా పరిష్కారమైన సమస్యల గురించి. ‘ఏం రాయాలి సార్?’ అని అందరూ అడుగుతారు. మీకు ఫోన్లు వస్తున్నాయిగా, వాటినే రాయండి.

ఒకటి రాసి చూపిస్తాను. ఇది ఊహించి రాసిన కేసు, మీ దగ్గర ఇంతకన్నా మంచివి ఉంటాయి. (మిగతా పాఠకుల కోసం: జీఎస్టీఆర్-1 అంటే అమ్మినవాళ్లు వేసే అమ్మకాల రిటర్ను, 3బీ అంటే పన్ను కట్టే రిటర్ను.)

‘లూధియానా నుంచి నట్టు-బోల్టుల లోడు వచ్చింది. సరుకు విలువ 2,40,000, దాని మీద 18 శాతం జీఎస్టీ 43,200. ట్యాలీలో ఎంట్రీ ఉంది. 14వ తేదీన 2బీ తీస్తే ఈ బిల్లు లేదు. ముందు మన ఎంట్రీలోనే తప్పుందేమో చూశాను, బిల్లు నంబర్, తేదీ సరిగ్గానే ఉన్నాయి. సప్లయర్ అకౌంటెంట్‌కు ఫోన్ చేసి, “మీ జీఎస్టీఆర్-1లో ఈ బిల్లు ఏ టేబుల్‌లో పడిందో చూడండి” అన్నాను. మా జీఎస్టీ నంబర్ వేయకుండా చిల్లర అమ్మకాల్లో కలిపేశాడట. వచ్చే నెల రిటర్నులో సరిచేస్తానని మెయిల్ పెట్టించుకున్నాను. ఈ నెల 3బీలో ఆ 43,200 క్రెడిట్ తీసుకోలేదు. ఓనర్‌కు ముందే చెప్పాను, 20వ తేదీన క్యాష్ ఎంత ఎక్కువ కట్టాలో.’

అయిపోయింది. ఇందులో గొప్ప భాష లేదు, ‘ప్యాషనేట్’ లాంటి మాట ఒక్కటీ లేదు. కానీ పది మందిని పెట్టుకుని షాపు నడిపే మనిషి దీన్ని చదివితే ఆ చివరి వాక్యం దగ్గర ఆగుతాడు. డబ్బు కట్టాల్సిన రోజు పొద్దున కాకుండా ముందే చెప్పే అకౌంటెంట్ కోసం ఎంతమంది చూస్తున్నారో!

తెలుగులో రాయాలా, ఇంగ్లీషులో రాయాలా అంటే, ముందు తెలుగులో ఫోన్‌కు చెప్పండి. జీబోర్డ్ కీబోర్డులో మైకు నొక్కితే తెలుగు మాటల్ని టైప్ చేస్తుంది. మీ ఓనర్ స్నేహితుడికి ఫోన్లో ఎలా చెబుతారో అలాగే చెప్పేయండి. తర్వాత చిన్న చిన్న ఇంగ్లీష్ వాక్యాల్లోకి మార్చుకోండి. చాట్‌జీపీటీతో తప్పులు దిద్దించుకోవచ్చు, రాయించుకోవద్దు. అది రాసిన నోటులో లూధియానా ఉండదు, 43,200 ఉండదు, ‘నేటి పోటీ ప్రపంచంలో’ మాత్రం తప్పకుండా ఉంటుంది.

ఎప్పుడు రాయాలన్నదీ మీ పనే చెబుతుంది. 11న జీఎస్టీఆర్-1, 14న 2బీ, 20న 3బీ. ఆ పది రోజులు మీకు టీ తాగే తీరిక ఉండదని నాకు తెలుసు. 21 నుంచి నెలాఖరులోపు రెండు నోట్లు రాసి పెట్టుకోండి. వెంటనే పెట్టేయకండి, వచ్చే నెల 14, 15 తేదీల్లో పెట్టండి. అప్పుడే అందరూ 2బీ ముందు తల పట్టుకుని కూర్చుంటారు, అప్పుడే చదువుతారు.

ఇక్కడ ఒక జాగ్రత్త, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. పార్టీ పేరు, జీఎస్టీ నంబర్, అసలు బిల్లు ఫోటో, షాపు టర్నోవర్... ఇవేవీ మీవి కావు, మీ ఓనర్‌గారివి. అంకెలు మార్చండి, ఊరు మార్చండి. స్క్రీన్‌షాట్‌లో పేర్ల మీద ఫోన్‌లోని హైలైటర్‌తో నల్లగా రుద్దితే చాలనుకుంటారు. అది పూర్తిగా కప్పదు, బ్రైట్‌నెస్ పెంచితే కింది అక్షరాలు తేలతాయి. స్క్రీన్ చూపించి తీరాలనుకుంటే ట్యాలీ ప్రైమ్‌ను ఎడ్యుకేషన్ మోడ్‌లో తెరిచి, ఏదో ఒక ఉత్తుత్తి కంపెనీ సృష్టించి ఎంట్రీలు వేయండి. లైసెన్స్ అక్కర్లేదు. అందులో నెలకు 1, 2, 31 తేదీల్లోనే ఎంట్రీలు పడతాయన్నది బీకాంలోనే మీకు విసుగు తెప్పించి ఉంటుంది. నేర్పించడానికి ఆ మూడు తేదీలు చాలు.

కెమెరా గురించి బెంగ వద్దు. ఆ ఉత్తుత్తి కంపెనీ స్క్రీన్‌ను రికార్డు చేస్తూ వెనక మీ గొంతు వినిపిస్తే చాలు, ముఖం ఎవరూ అడగరు. అది కూడా ఆరు నెలల తర్వాత, రాయడం అలవాటయ్యాక. యూట్యూబ్ డబ్బులు మాత్రం లెక్కలో వేసుకోవద్దు. ప్రకటనల ఆదాయంలో వాటా మొదలవ్వాలంటేనే వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, మామూలు వీడియోలకైతే ఏడాదిలో 4,000 గంటల వీక్షణ కావాలి. పీజీ అద్దె కట్టే దారి అది కాదు. అలాగే నాలుగు మెచ్చుకోళ్లు రాగానే ‘ఈ షేరు కొనండి’ అనే వైపు జారకండి. షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ దగ్గర రిజిస్టర్ కాకుండా పెట్టుబడి సలహాలు ఇస్తే చిక్కుల్లో పడతారు. మరో మాట, ముందుముందు సీఏ చేసే ఆలోచన ఉంటే, సీఏల ఇన్‌స్టిట్యూట్‌కు ప్రచారం మీద సొంత నిబంధనలు ఉన్నాయి. సభ్యత్వం వచ్చిన రోజు ఈ పేజీని వాటికి తగ్గట్టు సవరించుకోవాల్సి వస్తుంది.

నాన్నగారి సంగతికి వద్దాం. ఆయన భయం వట్టిది కాదు. అమ్మాయిల ప్రొఫైళ్లకు వచ్చే మెసేజ్‌లన్నీ ఉద్యోగం గురించే ఉండవు. పైగా ‘మీకు జాబ్ వచ్చింది, రిజిస్ట్రేషన్‌కు 2,500 పంపండి’ అనే రకం వేరే. ఉద్యోగం ఇచ్చేవాడు డబ్బు అడిగితే వెంటనే బ్లాక్ చేయండి. పొరపాటున పంపేస్తే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. పేజీలో పుట్టిన తేదీ, పీజీ అడ్రస్, ఫోన్ నంబర్ పెట్టొద్దు, మెయిల్ చాలు. ఫోటో ఉంటే మంచిదే, ఎదుటివాళ్లకు నిజమైన మనిషి అన్న నమ్మకం కలుగుతుంది. కానీ అది ఊరందరికీ కనబడాల్సిన పనిలేదు. మీరు ఒప్పుకున్న పరిచయస్తులకు మాత్రమే కనబడేలా లింక్డిన్ సెట్టింగుల్లో మార్చుకోవచ్చు. ఉద్యోగం వెతుకుతున్నానని చెప్పే ‘ఓపెన్ టు వర్క్’ను కూడా రిక్రూటర్లకు మాత్రమే కనబడేలా పెట్టండి. ఆకుపచ్చ పట్టీ ఫోటో చుట్టూ పెట్టుకుంటే మీ ఓనర్‌గారికి మీకన్నా ముందు ఆయన స్నేహితులే చెబుతారు.

ఆ స్నేహితుల గురించే ఇంకో మాట. వాళ్లు ఇప్పుడు ఊరికే ఫోన్ చేసి అడుగుతున్నారు, మీరు ఊరికే చెబుతున్నారు. చెప్పండి, తప్పులేదు. కానీ ఈసారి ఎవరి సమస్యైనా తేలాక, ‘అన్నా, లింక్డిన్‌లో నా పని గురించి రెండు మాటలు రాస్తారా?’ అని అడగండి. దాన్ని రికమండేషన్ అంటారు, మీ పేజీలోనే కనబడుతుంది. ముగ్గురిలో ఒకరు రాసినా మీ లోగో కన్నా అది ఎక్కువ పని చేస్తుంది. లింక్డిన్ లేని వ్యాపారులే ఎక్కువ ఉంటారనుకోండి. అలాంటివాళ్లు వాట్సాప్‌లో రెండు లైన్లు పంపినా దాచుకోండి, ఇంటర్వ్యూలో చూపించొచ్చు. ఇదంతా ఓనర్‌గారికి తెలిసే జరగాలి. మొదటి నోటు పెట్టకముందే ఆయనకు చదివి వినిపించండి, షాపు పేరు ఉంచాలో వద్దో ఆయన్నే అడగండి. ఒక్కోసారి ఇలాంటప్పుడే జీతం గురించి మాట కూడా కదులుతుంది. కదలకపోతే, మీరు కదిలే రోజుకు పేజీ సిద్ధంగా ఉంటుంది.

ఈ నెల 3బీ అయ్యాక వచ్చే ఆదివారం హిందూపురం వెళ్తారేమో. హెడ్‌లైన్ ఒక్కటీ రాసి, ఫోటో లేకుండా పేజీ తెరిచి నాన్నగారికి మీ ఫోన్‌లోనే చూపించండి. ఏం కనబడుతుందో, ఎవరికి కనబడుతుందో సెట్టింగులు తెరిచి మరీ చూపించండి. ఫోటో సంగతి ఆయన చూశాక ఇద్దరూ కలిసి తేల్చుకోవచ్చు.